ఎర్లాంగ్ మహాశయుడు

పూర్వము ప్రతి పల్లెయందును ఒక మంచినీళ్ల నూయి ఉండెడిది. ఆ నూతికి నాలుగైదు గిలకలు అమర్చియుండెడివి. ఒక్కొక్కప్పుడు ఆ గిలకలన్నియు ఊరకయుండెడివి. మఱొకప్పుడు పదిమంది ఆడువారు బిందెలతో ఒక్కసారిగా వచ్చి తమ వంతు కొఱకు వేచియుండెడివారు. నాలుగు గిలకలు చాలునా, ఆరు కావలెనా అను ప్రశ్న పుట్టినప్పుడు ఊరి పెద్దలు తమ అనుభవమునుబట్టి తీర్పు చెప్పెడివారు. అనుభవము గొప్పదే. కాని ఊరు పట్టణమై, పట్టణము మహానగరమైనప్పుడు అనుభవమొక్కటియే చాలదు; లెక్క కావలెను. వచ్చువారి రాకకు నియమము లేదు. అయినను ఆ రాకకు తగిన ఏర్పాటు మాత్రము నియమము తప్పక చేయవలెను. ఈ చిక్కుముడిని విప్పి, దానినొక శాస్త్రముగా తీర్చిదిద్దిన మహనీయుడు ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్.

డెన్మార్కు ఉత్తర ఐరోపాలోని ఒక చిన్న దేశము. అందలి జట్లాండు ద్వీపకల్పమున లోన్‌బోర్గ్ అను పల్లె కలదు. 1878వ సంవత్సరము జనవరి 1వ తేదీన ఎర్లాంగ్ ఆ పల్లెయందు జన్మించెను. తండ్రి హాన్స్ నీల్సన్ ఎర్లాంగ్ ఆ ఊరి బడిపంతులు. తల్లి మాగ్దలీన్ క్రారుప్ మతాచార్యుల వంశమున పుట్టినది. ఆమె పూర్వులలో థామస్ ఫింకె అను ప్రసిద్ధ గణితవేత్త యుండెను. పై తరగతుల విద్యార్థులు త్రికోణమితిలో చదువుకొను టాంజెంటు, సీకెంటు అను పేర్లు ఆయన పెట్టినవే.

ఎర్లాంగునకు ఫ్రెడరిక్ అను అన్నయు, ఇద్దరు చెల్లెండ్రును ఉండిరి. బ్రతకలేక బడిపంతులను సామెత మన దేశమునకే పరిమితము కాదు. ఆ యింట ధనము తక్కువ. చదువుమీది ప్రీతి మాత్రము ఎక్కువ. సాయంకాలమున అన్న బల్లముందు కూర్చుండి పుస్తకము చదువుకొనుచుండగా, తమ్ముడు ఎదుటి ప్రక్కన కూర్చుండి, తలక్రిందులుగా కనబడు ఆ అక్షరములనే చదువుచు అన్నతో సమానముగా ముందుకు సాగెడివాడట. పుస్తకము తనవైపు తిరిగియుండవలెనని ఆ బాలుడు కోరలేదు. ఉన్నచోటనుండియే చదువ నేర్చుకొనెను. నక్షత్రములన్నను గ్రహములన్నను అతనికి మిక్కిలి మక్కువ. ఆ వయస్సుననే ఖగోళ విషయములపై పద్యములు కూడ వ్రాసెను.

పదునాలుగవ యేట ఎర్లాంగ్ కోపెన్‌హేగన్ నగరమునకు పోయి విశ్వవిద్యాలయమువారి ప్రాథమిక పరీక్షకు కూర్చుండెను. ఆ పరీక్షకు తగిన వయస్సు అతనికి ఇంకను రాలేదు. కావున ప్రత్యేకానుమతి పొందవలసివచ్చెను. అట్లు కూర్చుండియు అతడు విశేష ప్రశంసతో ఉత్తీర్ణుడయ్యెను. కాని వెంటనే పైచదువునకు పోవుటకు చేత డబ్బు లేదు. అతడు చింతింపక ఇంటికి మరలివచ్చి, తండ్రి బడిలోనే సహాయోపాధ్యాయుడుగా రెండేండ్లు పనిచేసెను. ఆ కాలమున ఫ్రెంచి, లాటిను భాషలను అభ్యసించెను. తరువాత దూరపు బంధువులు అతనికి ఉచితముగా బస యిచ్చిరి. ఆ యాశ్రయమున చదువుకొని, విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో నెగ్గి, విద్యార్థివేతనము సంపాదించి, 1901వ సంవత్సరమున గణితము ప్రధానముగాను, ఖగోళ భౌతిక రసాయన శాస్త్రములు అనుబంధముగాను మాస్టరు పట్టము పొందెను.

పిమ్మట ఏడేండ్లు అతడు పలు పాఠశాలలయందు ఉపాధ్యాయుడుగా నుండెను. పాఠములు చెప్పుచునే తన గణితాభ్యాసమును విడువక సాగించెను. గణితవేత్తల సంఘ సమావేశములకు పోవుట అతని కలవాటు. ఆ సభలలో జెన్సెన్ అను నాతనితో పరిచయమయ్యెను. జెన్సెన్ గణితమునందు పేరుమోసినవాడు. వృత్తిచే కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీలో ముఖ్య ఇంజనీరు. ఆ పరిచయమే ఎర్లాంగ్ జీవితమును మలుపు త్రిప్పినది. 1908వ సంవత్సరమున అతడు ఆ కంపెనీలో శాస్త్ర సహకారిగా చేరి, అచటి ప్రయోగశాలకు అధిపతి యయ్యెను. ఆ కంపెనీ అధ్యక్షుడు జోహాన్సెన్ అంతకుముందే టెలిఫోను పిలుపుల నిరీక్షణ కాలమును గూర్చి ఆలోచించుచుండెను. ఆ ఆలోచనకు గణితజ్ఞుని తోడు కావలసియుండెను.

ఆ దినములలో టెలిఫోను పద్ధతి ఎట్లుండెడిదో తెలిసికొనవలెను. చందాదారుడు తన యింట టెలిఫోను ఎత్తగనే, ఎక్స్ఛేంజిలో కూర్చున్న ఉద్యోగినికి గుర్తు తెలియును. ఆమె అతడు కోరిన వాని తీగతో అతని తీగను కలిపెడిది. తీగ ఖాళీగా లేకున్నను, ఉద్యోగిని వేరొకరి పనిలో నున్నను చందాదారునకు మాట దక్కదు. అర్ధరాత్రమున వైద్యుని పిలువగోరు తల్లికి ఆ తీగ దొరకకపోయినచో కలుగు హాని యెంతటిదో ఊహింపవచ్చును. అట్లని ప్రతివానికిని ఒక తీగ, ఒక ఉద్యోగిని చొప్పున ఏర్పాటు చేసినచో ఆ ఖర్చును ఏ కంపెనీయు భరింపజాలదు. ఆ భారము చందాదారులపైననే పడి, సామాన్యునకు టెలిఫోను అందని పండగును. తక్కువైన ప్రమాదము, ఎక్కువైన దుర్వ్యయము. ఈ రెంటి నడుమ సరియైన సంఖ్య యేది? ఇదియే ఎర్లాంగ్ ముందు నిలిచిన ప్రశ్న.

సగటు లెక్క వేసిన చాలుననుకొనుట చాలమంది చేయు పొరపాటు. ఎర్లాంగ్ ఆ పొరపాటు చేయలేదు. పిలుచువారు ఒకరితో నొకరు సంప్రదించుకొని పిలువరు. ఎవరి యవసరము వారిది. అట్టి స్వతంత్రమైన పిలుపులు ఫ్రెంచి గణితవేత్త పాయిసన్ పేరుగల సంభావ్యతా నియమము ననుసరించునని అతడు 1909వ సంవత్సరమున ప్రకటించిన వ్యాసమున నిరూపించెను. నిమిషమునకు సగటున 3 పిలుపులు వచ్చుననుకొందము. ఆ నియమము ప్రకారము నూరు నిమిషములలో ఇంచుమించు 5 నిమిషములు ఒక్క పిలుపైనను రాదు. ఇంచుమించు 8 నిమిషములలో మాత్రము ఆరో అంతకుమించియో వచ్చును. సగటు మూడే, కాని సగటును నమ్ముకొని కూర్చున్నవాడు ఆ ఎనిమిది నిమిషములలో మునిగిపోవును. ఏ పిలుపు ఎప్పుడు వచ్చునో చెప్పుట ఎవరి తరమును కాదు. అయినను పిలుపుల సమూహము ఎట్లు నడచుకొనునో చెప్పవచ్చును. నియమము లేదనుకొన్నచోట నియమమును కనుగొనుటయే అతని ప్రతిభ.

ఎర్లాంగ్ కుర్చీ విడువని పండితుడు కాడు. మొదటి రోజులలో అతని ప్రయోగశాలలో సహాయకులు లేరు. భూమిలో దారితప్పి ప్రవహించు విద్యుత్తు టెలిఫోను తీగల తొడుగులను చెఱచుచుండగా, దానిని కొలుచుటకు అతడు స్వయముగా కోపెన్‌హేగన్ వీధులలో తిరిగెను. ఒక కూలివాడు నిచ్చెన మోయుచు వెంట నడువగా, ఈ గణితవేత్త వీధినడుమ నున్న గుంటలలోనికి దిగి కొలతలు తీసికొనుట ఆ నగరవాసులకు పరిచితమైన దృశ్యమయ్యెను. కొలువక లెక్కకు పూనుకొనుట అతని పద్ధతి కాదు.

క్రమముగా ఎక్స్ఛేంజిలలో మనుష్యులకు బదులు యంత్రములే తీగలు కలుపు కాలము వచ్చెను. యంత్రములకు ఎన్ని తీగలు కావలెనో ముందే నిర్ణయింపవలెను. 1917వ సంవత్సరమున ఎర్లాంగ్ ప్రకటించిన వ్యాసము ఈ విషయమున శిఖరప్రాయమైనది. అందలి ముఖ్యభావము మేడమెట్ల ఉపమానముచే తెలియును. ఒకడు రోజంతయు మెట్లు ఎక్కుచు దిగుచు నున్నాడనుకొందము. మూడవ మెట్టునుండి నాలుగవదానికి అతడు ఎన్నిసార్లు ఎక్కెనో, నాలుగవదానినుండి మూడవదానికి ఇంచుమించు అన్నిసార్లే దిగియుండవలెను. పనిలోనున్న తీగల సంఖ్యయు అట్లే. క్రొత్త పిలుపు వచ్చిన ఒక మెట్టు ఎక్కును. ఒక సంభాషణ ముగిసిన ఒక మెట్టు దిగును. ఈ ఎక్కుదిగుళ్ల సమానత్వమునుండి అతడు తన సూత్రమును సాధించెను.

ఒక ఉదాహరణ చూతము. గంటకు 60 పిలుపులు వచ్చుచున్నవి; ఒక్కొక్క సంభాషణ సగటున 3 నిమిషములు. మొత్తము 180 నిమిషముల పని. అనగా సగటున 3 తీగలు ఎడతెగక పనిచేయవలసినంత భారము. అట్లయిన 3 తీగలు చాలునా? ఒక్క తీగయు పనిలో లేని కాలమును 1 భాగమనుకొన్నచో, ఒక తీగ పనిలోనుండు కాలము 3 భాగములు, రెండు తీగలు పనిలోనుండు కాలము 4½ భాగములు, మూడును పనిలోనుండు కాలము 4½ భాగములు అగును. మొత్తము 13 భాగములు. అందు 4½ భాగముల కాలమున క్రొత్తగా వచ్చినవానికి తీగ దొరకదు. అనగా నూటికి దాదాపు 35 పిలుపులు వ్యర్థమగును! నష్టమును నూటికి ఒకటికి లోపుగా తగ్గింపవలెనన్నచో 8 తీగలు కావలెను. సగటు 3, కావలసినవి 8.

అయిదు తీగలు అధికముగా వేయుట దండుగ కాదా యని అడుగవచ్చును. దీనికి కూడ ఎర్లాంగ్ సూత్రమే సమాధానము చెప్పును. అట్టి ఊళ్లు పది యున్నవనుకొందము. ఊరూర వేర్వేరుగా ఎనిమిదేసి తీగలు వేసినచో 80 కావలెను. ఆ పది ఊళ్ల భారమును ఒకే సమూహముగా కలిపి, ఏ తీగనైనను ఎవరైనను వాడుకొనునట్లు చేసినచో 42 తీగలే చాలును. నష్టము అప్పుడును నూటికి ఒకటి మించదు. ఒక ఊరివారికి రద్దీగా నున్న వేళ మఱొక ఊరివారు ఊరకుందురు గదా! కలిసియుండిన కలదు సుఖమని పెద్దలు చెప్పిన మాట ఇచ్చట గణితముచేతనే రుజువగుచున్నది.

దొరకనప్పుడు మరలిపోక వేచియుండువారి విషయమును కూడ అతడు విచారించెను. ఒకే ఉద్యోగి యున్న కార్యాలయమును తలచుకొనుడు. ఒక్కొక్కరి పనికి సగటున 3 నిమిషములు పట్టును. కొందఱిది త్వరగా తెమలును, కొందఱిది సాగును. అతడు గంటలో 30 నిమిషములు పనిలోనుండునంత భారమున్నచో, వచ్చినవాడు సగటున 3 నిమిషములు వేచియుండును. 54 నిమిషములు పనిలోనుండునంత భారమైనచో 27 నిమిషములు, 57 నిమిషముల భారమైనచో 57 నిమిషములు వేచియుండవలెను. భారము కొంచెమే పెరిగినను నిరీక్షణము కొండవలె పెరుగును. ఊపిరి సలుపనంతగా పనిచేయించుటయే పొదుపని తలచు యజమానులకు ఈ లెక్క మేలుకొలుపు. కొంత తీరిక యుండుట సోమరితనము కాదు. రాబోవు ఒత్తిడికి దాచుకొన్న బలము.

ఈ వ్యాసము ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను భాషలలోనికి అనువదింపబడెను. బ్రిటిషు తపాలాశాఖవారు తమ టెలిఫోను ఏర్పాట్లకు ఎర్లాంగ్ సూత్రమునే ఆధారముగా గైకొనిరి. అతని వ్యాసములు సంక్షిప్తములు. కొన్నిచోట్ల నిరూపణములు కూడ విడిచిపెట్టబడినవి. అయినను వానిని మూలమునందే చదువవలెనని అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున పనిచేయు ఒక శాస్త్రజ్ఞుడు డేనిషు భాషను నేర్చుకొనెనని ప్రతీతి.

కీర్తి వచ్చినను ఎర్లాంగ్ నడవడి మారలేదు. అతడు వివాహమాడలేదు. రాత్రి చాలప్రొద్దుపోవువఱకు పనిచేయుచుండెడివాడు. గణిత ఖగోళ భౌతిక శాస్త్రములకు సంబంధించిన గొప్ప గ్రంథభాండారమును సమకూర్చుకొనెను. చరిత్రయు, తత్త్వమును, కవిత్వమును గూడ అతనికి ప్రియములే. విద్యార్థులకును ఇంజనీర్లకును ఉపయోగపడు సంవర్గమాన పట్టికలను సిద్ధపఱచెను. బీదలు సహాయము కోరి అతని ప్రయోగశాలకే వచ్చెడివారు. అతడు నలుగురికి తెలియకుండ వారికి తోడ్పడెడివాడు. వేచియున్నవారి కష్టమును కాగితముమీద లెక్కించినవాడు, తన వాకిట వేచియున్నవారిని మఱచిపోలేదు.

దాదాపు ఇరువదియేండ్ల ఉద్యోగమున అతడు జబ్బుపేరిట ఒక్కనాడును సెలవు తీసికొనలేదు. 1929వ సంవత్సరము జనవరి మాసమున ఉదరవ్యాధికి శస్త్రచికిత్స కొఱకు ఆసుపత్రిలో చేరెను. కొలది దినములకే, ఫిబ్రవరి 3వ తేదీ ఆదివారమున, 51వ యేట పరమపదించెను. 1946వ సంవత్సరమున అంతర్జాతీయ టెలిఫోను సంఘమువారు తీగల భారమును కొలుచు ప్రమాణమునకు ఎర్లాంగ్ అని పేరు పెట్టిరి. ఒక తీగ గంటసేపు ఎడతెగక పనిచేసినచో ఆ గంటలో అది మోసిన భారము ఒక ఎర్లాంగు. తండ్రి బడిలో పాఠములు చెప్పిన ఆ యువకుని పేరు ఇట్లు ఒక కొలమానమై నిలిచినది.

అతని శాస్త్రము టెలిఫోనుతో ముగియలేదు. నేడు ఎవరైనను చేతిలోని ఫోనుతో రైలు టిక్కెట్టు కొన్నను, బ్యాంకుసొమ్ము పంపినను, ఆ కోరిక తెరవెనుక నున్న సర్వర్లు అను కంప్యూటర్లను చేరును. వానిని నిర్మించు ఇంజనీర్లకు ఎదురగునదియు ఎర్లాంగ్ ప్రశ్నయే. సెకనుకు 200 కోరికలు వచ్చుచు, ఒక్కొక్కదానికి సెకనులో ఇరువదవ వంతు పట్టినచో, సగటున 10 కోరికలు ఏకకాలమున నడచుచుండును. అయినను పదింటికి మాత్రమే ఏర్పాటు చేసినచో ఆ నిర్మాణము కూలును. ముందు కొలువవలెను, కొంత బలమును మిగుల్చుకొనవలెను, యంత్రములను వేర్వేరుగా కాక ఒక సమూహముగా వాడుకొనవలెను, చోటు లేనప్పుడు వచ్చినవానిని వెంటనే మరలింపవలెనా, వరుసలో నిలుపవలెనా యని ముందే నిశ్చయింపవలెను. ఇవన్నియు అతని గణితము నేర్పిన పాఠములే.

1986వ సంవత్సర ప్రాంతమున స్వీడను దేశపు ఎరిక్‌సన్ కంపెనీలో జో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆయన సహచరులు ఒకేమాఱు అసంఖ్యాకములైన సంభాషణలను నడుపగల కంప్యూటరు భాషను రూపొందించి, దానికి ఎర్లాంగ్ అను పేరే పెట్టిరి. అందు ఒక సంభాషణ చెడినను తక్కినవి చెడవు. వాట్సాప్ సంస్థవారు ఈ భాషను వాడి, 2012వ సంవత్సరము నాటికి ఒకే సర్వరుపై 20 లక్షలకు మించిన సంబంధములను నిలుపగలిగిరి.

అయితే ఎర్లాంగ్ సూత్రమునకు ఒక షరతు కలదు. వచ్చువారు ఎవరికివారుగా రావలెను. పదవ తరగతి పరీక్షాఫలితములు వెలువడు క్షణమున లక్షలమంది ఒక్కమాఱుగా కంప్యూటరు తలుపు తట్టినప్పుడు ఆ షరతు తప్పును. అప్పుడు పాత సూత్రమునే కన్నులు మూసికొని వాడువాడు తప్పటడుగు వేయును. అప్పటి రద్దీని మరల కొలిచి, మరల ఆలోచించువాడే నిజమైన ఎర్లాంగ్ శిష్యుడు.

సుస్థిరమైన సేవ కంటికి కనబడదు. నూతియొద్ద గిలక ఖాళీగా దొరకినప్పుడు దానిని అమర్చినవానిని ఎవరును తలపరు. పిలిచినంతనే మాట కలిసినప్పుడు ఆ తీగలను లెక్కించినవాడు ఎవరికిని గుర్తురాడు. అట్టి మఱుగుననుండు పనికే ఎర్లాంగ్ తన జీవితమును ధారవోసెను. పదిమంది కాలమును కాపాడుటయు పరోపకారమే యని అతని చరిత్ర మనకు బోధించుచున్నది.